పన్నెండు సెకన్ల పచ్చబొమ్మ

అనగనగా ఒక మహానగరంలో, రోడ్డు దాటడానికి మనుషులకి ఇచ్చింది పన్నెండు సెకన్లు. అంతే తల్లీ, పన్నెండే. సిగ్నల్లో పచ్చబొమ్మ వెలిగితే నడవాలి, ఎర్రబొమ్మ వస్తే ఆగాలి. బస్సులకీ కార్లకీ మాత్రం నూట నలభై!

ఆ సిగ్నల్ పక్కనే పావని అనే అమ్మాయి సొంతంగా జిరాక్సు కొట్టు పెట్టుకుంది. లెక్కల్లో మహా చురుకు. కొట్టు వెనక గల్లీలో జంగమ్మ అనే ముసలమ్మ ఉండేది.

జంగమ్మకి షుగరు వచ్చి కాలికి పుండు పడింది. రోడ్డుకి అవతలే సర్కారు దవాఖానా. "రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. లేకపోతే కాలు తీసేయాల్సి వస్తుంది" అంది డాక్టరమ్మ.

ఒకరోజు జంగమ్మ రోడ్డు మధ్యలో చిక్కుకుపోయింది. ముందూ వెనకా బస్సులు. "ఇంట్లో కూచోరాదే ముసల్దానా!" అని అరిచాడు బండి మీద పోయేవాడు. అప్పుడు పావని ఉరికి, చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది.

"నాతోని కాదు బిడ్డా. ఇప్పటికే రెండు కట్లు తప్పినయ్" అంది జంగమ్మ.

పావనికి ఒళ్ళు మండింది. రోడ్డు కొలిచింది. జంగమ్మ అంగలతో ముప్పై ఆరు. సెకనుకి ఒక అంగ. అంటే పచ్చబొమ్మ ఆమెని మూడో వంతు రోడ్డు మీద వదిలేసి పోతోందన్నమాట!

అప్పుడే నగరంలో పెద్ద ఆఫీసు వాళ్ళు ఒక పెట్టె పెట్టారు. "నగరం బాగుపడే ఉపాయం చెప్పండి" అని దాని మీద రాశారు. పావని చీటీ రాసి వేసింది. 'పన్నెండుని నలభై చేయండి.'

నెలకి జవాబొచ్చింది. "మీ ఉపాయం అందింది. ధన్యవాదాలు."

ఆ తర్వాత పావని మూడు రోజులు నిలబడి లెక్క రాసింది. దాటబోయిన ముసలివాళ్ళు రెండు వందల పన్నెండు మంది. వాళ్ళలో మధ్యలో చిక్కుకున్నవాళ్ళు నూట తొంభై. ఆ లెక్కంతా పెట్టెలో వేసింది. ఈసారి సిగ్నల్ దగ్గర కొత్త బోర్డు వెలిసింది. "వృద్ధులు త్వరగా దాటవలెను."

నవ్వుతున్నావా? నవ్వకు తల్లీ. ఆ లోపల జంగమ్మ కాలి చిటికెన వేలు తీసేశారు. ముప్పై ఆరు అంగలు నలభై అయిదయ్యాయి.

మూడోసారి పావని రాసింది ఒకటే మాట. 'వేలు పోయింది. కాలు మిగిలింది.'

అప్పుడు ఆఫీసు నుంచి కబురొచ్చింది. పావని ఉపాయానికి మొదటి బహుమతి! వేదిక, మైకు, ఫొటోలు. పెద్ద సారు ఎర్రటి శాలువా కప్పాడు.

"ఎప్పుడు మారుస్తారు సార్?" అని అడిగింది పావని.

"అది సిగ్నళ్ళవాళ్ళ పని తల్లీ. మేము ఉపాయాలు సేకరిస్తాం."

"సేకరించి?"

"సన్మానం చేస్తున్నాం కదమ్మా!"

నీకు కోపమొచ్చిందా? రావాలి. చెబుతుంటే నాకూ వస్తోంది.

మర్నాడు పొద్దున కట్టు మార్చే రోజు. పావని శాలువా పట్టుకుని సిగ్నల్ దగ్గరికొచ్చింది. ఒక కొస తను పట్టుకుంది, ఇంకో కొస చాయ్ కొట్టు మస్తాన్‌కి ఇచ్చింది. పచ్చబొమ్మ వెలిగింది. పెళ్ళిలో అడ్డుతెర పట్టినట్టు, ఇద్దరూ బండ్ల ముందు శాలువా చాపి నిలబడ్డారు. జంగమ్మ నడక మొదలుపెట్టింది. ఆమె వెనకే గల్లీలోని ముసలివాళ్ళందరూ.

పది. పదకొండు. పన్నెండు. ఎర్రబొమ్మ వచ్చేసింది. హారన్లు మోగాయి.

"తియ్యమ్మా ఆ గుడ్డ!" అని అరిచాడు ఒక కారాయన.

"గుడ్డ కాదన్నా, మొదటి బహుమతి" అంది పావని. "ఇంకా ముప్పై మూడు సెకన్లు ఆగండి."

శాలువా దించలేదు. జంగమ్మ కట్టుకాలు ఎత్తింది, పదమూడో అంగ వేయడానికి.

కథ కంచికి పోవాలన్నా ఆ రోడ్డు దాటాలి కదా తల్లీ. జంగమ్మని ముందు పోనిద్దాం.

పన్నెండే పన్నెండా పచ్చబొమ్మా,
నలభై అయిదుదాకా నిలిచుండమ్మా,
కట్టుకాలి జంగమ్మ దాటాలమ్మా,
కథ కంచికి చేరాక బజ్జోవమ్మా.