విడుపులమ్మ గుండంలో ఇనుప కడెం ఎందుకు విడుస్తారు

విడుపులమ్మ గుండానికి వచ్చే భక్తులు ముందు గట్టు మీది అరుగు దగ్గర ఆగాలి. తాళంచెవులు, పిన్నీసులు, చాకులు, మొలతాడుకు కట్టిన ఇనుప ముక్కలు అక్కడే విడవాలి. తర్వాతే దిగాలి. చుట్టూ గుట్టలు, నడుమ గిన్నెలా లోతైన పల్లం, అడుగున ఉప్పునీటి మడుగు. ఒడ్డున నల్లటి ఇసుక. పిల్లలు ఆడుకునే అయస్కాంతాన్ని అందులో పెడితే మీసాలు మొలిచినట్టు ఇసుక అంటుకుంటుంది. ఒకసారి బడిపంతులు ఒకాయన దిక్సూచి తెచ్చారు. ఒక రాయి దగ్గర ముల్లు తూర్పు అన్నది, పక్క రాయి దగ్గర దక్షిణం అన్నది. పాపం, ఆయన దాన్ని దులిపి దులిపి చూసుకున్నారు!

ఎన్నడో ఆకాశం నుంచి పెద్ద రాయి పడి ఈ గుండం ఏర్పడిందని చదువుకున్నవారు చెబుతారు. మా పెద్దలు చెప్పేదీ అదే. చుక్క ఊడి పడినప్పుడు నేల కరిగి, రాళ్లు పగిలి ఎగిరాయట. భయంతో ఒక్కో రాయి ఒక్కో దిక్కుకు మొహం తిప్పుకుని అలాగే గడ్డకట్టిందట. ఆ భయం రాళ్లలో ఇంకా చల్లారలేదు. అందుకే ఇనుము కనబడితే చాలు, బెదిరిన పిల్ల తల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంటాయి.

పూర్వం ఇక్కడ మనిషి జాడ ఉండేది కాదు. గట్టు మీద మందలు మేపే కురుమలు కూడా లోపలికి తొంగిచూసేవారు కారు. మబ్బు పట్టిందంటే పిడుగు ఈ గుండంలోనే పడేది.

ఆ కురుమల్లో ఐలవ్వ అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు తొలుత పుట్టిన ఇద్దరు బిడ్డలూ పాలు మరవకముందే పోయారు. మూడోవాడు పుట్టగానే పెంటకుప్ప మీద పొర్లించి, పెంటయ్య అని పేరు పెట్టారు. మంత్రసాని వాడి కాలికి ఇనుప కడెం తొడిగి, "వీడు పరుగులు పెట్టేదాకా దీన్ని తియ్యకు బిడ్డా. తీసినవో, వీడు గూడ నీ చెయ్యి దాటుతడు" అని చెప్పి పోయింది. ఇక ఆ తల్లి ప్రాణమంతా ఆ కడెంలోనే ఉండేది. నిద్రలో కూడా ఆమె చెయ్యి వాడి చీలమండను తడుముకునేది. కడెం తగిలితేనే ఊపిరి ఆడేది.

ఒక ఎండాకాలం తెల్లవారుజామున ఐలవ్వకు కల వచ్చింది. ఒంటి మీద నగ లేని నల్లటి ఆడమనిషి ఎదురుగా నిలబడి, "ఇనుము ఇడిసి రా బిడ్డా. నేను పడితే ఇడువలేను" అన్నది. ఐలవ్వ దిగ్గున లేచి కూర్చుంది. కడెం తియ్యమంటున్నదంటే ఇది ఆ ఇద్దరినీ మింగిన పీడే అనుకుంది. అయ్యో, అనుకోక ఏంచేస్తుంది! కడెం గట్టిగా ఉందో లేదో చూసుకుంది. చాలదన్నట్టు నడుముకు కొడవలి కూడా చెక్కుకుంది.

ఆ మధ్యాహ్నం, ఈనిన గొర్రె ఒకటి పచ్చిక వాసనకు పిల్లతో సహా గుండంలోకి దిగిపోయింది. పడమట మబ్బు కమ్ముతోంది. భర్త కొమురెల్లి మందను మళ్లిస్తుంటే, ఐలవ్వ కొడుకును చంకన వేసుకుని గొర్రె కోసం దిగింది. లోపల పిట్ట అరుపు లేదు. గొర్రెపిల్లను రాళ్ల సందులోంచి లాగడానికి కొడుకును పక్కనున్న నల్లబండ మీద కూర్చోబెట్టింది. టక్కుమని చప్పుడైంది.

మళ్లీ ఎత్తుకోబోతే వాడు లేవలేదు. కడెం బండకు అతుక్కుపోయింది. లాగితే వాడు కెవ్వుమన్నాడు. ఐలవ్వ కొడవలి తీసి కడెం కింద దూర్చబోయింది. బండ కొడవలిని కూడా చేతిలోంచి లాక్కుంది. ఆమె పెట్టిన కేకకు కొమురెల్లి గొడ్డలితో పరుగెత్తుకొచ్చాడు. వేసిన మొదటి దెబ్బకే గొడ్డలి బండకు కరుచుకుంది. అంతలో ఎదుటి గట్టు మీద పిడుగు పడింది.

"కడెం తియ్యవే! ఇంకోటి ఈడనే పడ్తది!"

"తియ్య! తీస్తే పోతడు!"

"తియ్యకుంటే ఉంటడా?"

ఐలవ్వ బిడ్డ మీద బోర్లా పడింది. తీసినా చావే, తియ్యకపోయినా చావే అనిపించింది. అప్పుడు కలలోని మాట చెవిలో పడింది. "పడితే ఇడువలేను." అది బెదిరింపు కాదు, బతిమాలుకోవడం! ఈ రాయి కూడా తనలాగే భయపడినదే, తనలాగే పట్టుకుని విడువలేకున్నదే అని ఆమెకు తెలిసొచ్చింది.

కాలు బలిసి కడెం బిగుసుకుని ఉంది. "గొర్రెను పట్టు!" అని అరిచింది. కొమురెల్లి గొర్రెను బండ పక్కకు ఈడ్చి పట్టుకున్నాడు. ఐలవ్వ దాని చిక్కటి పాలు బిడ్డ చీలమండ మీద పిండింది. ఏడుస్తూ, మెలితిప్పుతూ, తన చేత్తోనే కాలిని బయటికి లాగింది. చర్మం గీరుకుపోయింది గానీ కాలు ఊడివచ్చింది. బిడ్డను ఎత్తుకుని ఎక్కింది, వెనక్కి చూడలేదు. వాళ్లు గట్టు చేరారో లేదో, ఆ బండ మీదే పిడుగు పడి గుండమంతా తెల్లబడింది.

గండం గడిచిందని కొమురెల్లి మొక్కుకున్నాడు. ఐలవ్వ మొక్కలేదు. ఆమె భయం పిడుగు కాదు, బోసిపోయిన ఆ కాలు. ఇంటికి వచ్చి, కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టుకుని రాత్రంతా గొంగడి మీద కూర్చుండిపోయింది. తెల్లారి వాడు కళ్లు నులుముకుని పాలకు ఏడ్చాడు. అప్పుడు ఏడ్చింది ఆమె, ఇల్లు ఎగిరిపోయేటట్టు.

పిడుగు పడ్డ నాటి నుంచి ఆ బండ పట్టు మరింత పెరిగింది. పెంటయ్య పెద్దవాడై దానికి పసుపు రాసి, విడుపులమ్మ అని పిలిచి తొలి పూజారి అయ్యాడు. నేటికీ పూజారులు ఆ వంశం వారే.

బిడ్డలు దక్కని తల్లులు ఇప్పటికీ దక్కిన బిడ్డ కాలికి కడెం వేసి, వాడికి పరుగు రాకముందే ఇక్కడికి తెస్తారు. అరుగు మీద అన్ని ఇనుములూ విడవాలి, ఈ ఒక్క కడెం తప్ప. గొర్రెపాలు పోసి తల్లే తన చేత్తో తియ్యాలి, పూజారి ముట్టుకోడు. తీసిన కడేన్ని విడుపులమ్మ పట్టుకుంటుంది. తల్లి వెనక్కి చూడకుండా గట్టు ఎక్కాలి. మబ్బు పట్టిన రోజు దిగనివ్వరు, ఎంత బతిమాలినా సరే.

అమ్మ దయ వల్ల బిడ్డలు చల్లగా ఉంటారు. భయం మాత్రం ఆ రోజే పోతుందని మేము చెప్పం. ఇంటికి పోయాక నిద్రలో తల్లి చెయ్యి అలవాటుగా బిడ్డ చీలమండను తడుముతుంది. కడెం తగలదు. గుండె ఝల్లుమంటుంది. మరుక్షణం చేతికి కాలు తగులుతుంది, వెచ్చగా.