గోడమీది చిలుకకు కన్ను

ఎప్పటి మాటో పిల్లలూ, సముద్రం పక్కన మాణిక్యపురమనే పట్నాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడికి కత్తి అంటే ప్రాణం. రెండోవాడు జయసింహుడికి విల్లు అంటే ప్రాణం. చిన్నవాడు మకరందుడికి కుంచె అంటే ప్రాణం. ఎప్పుడు చూసినా వాడి వేళ్ళకు రంగే. అన్నానికి కూర్చున్నా రంగే. "ఇవి రాజకుమారుడి చేతులేనా!" అని నవ్వుకుంటూ తల్లి కడిగేది.

ఇలా ఉండగా ఒకనాడు ముత్యాలదీవి రాణి ఏడుస్తూ వచ్చింది.

"మహారాజా! ఏడు సముద్రాల అవతల భస్మాక్షుడనే మాంత్రికుడున్నాడు. మా అమ్మాయి కువలయవల్లిని ఎత్తుకుపోయి తన కోట గోడమీద బొమ్మగా మార్చేశాడు. ఆమెనే కాదు, ఇంకా ఎందరినో. ఉప్పుగాలికి ఆ గోడ పెచ్చులూడుతోందట. బొమ్మ రాలిపోతే మనిషి ఇక దొరకడు," అంది.

రణధీరుడు కత్తి పట్టుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. జయసింహుడు విల్లు పట్టుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. అప్పుడు మకరందుడు తండ్రి కాళ్ళకు మొక్కాడు.

"ఉన్న ఒక్కడివీ పోతానంటే నేనేమైపోవాలిరా?" అన్నాడు రాజు.

"నాన్నగారూ, కత్తులతో పనయ్యేదైతే అన్నలే గెలిచేవారు. నాకు బొమ్మల సంగతి తెలుసు. నన్ను పోనివ్వండి," అన్నాడు మకరందుడు.

రాజు కళ్ళు తుడుచుకుని దీవించాడు.

పోగా పోగా ఒక అడవి వచ్చింది. ముళ్ళకంపలో తోక చిక్కుకుని ఒక ఉడుత గిలగిల్లాడుతోంది. మకరందుడు ముల్లు తరవాత ముల్లు తీసి దాన్ని విడిపించాడు.

"బాబూ, మాంత్రికుడి గోడమీద మామూలు కుంచె నిలవదు, జారిపోతుంది. నా తోక కొసన నాలుగు వెంట్రుకలు తీసుకో. తడిపితే సూదిమొనలా నిలబడతాయి," అంది ఉడుత. మకరందుడు వాటిని ఈకకాడకు పట్టుదారంతో కట్టి కుంచె చేసుకున్నాడు.

పోగా పోగా ఒక ఎండిన బీడు వచ్చింది. దాహంతో సోలిపోయిన కాకి కనిపించింది. దోసిట్లో నీళ్ళు పోసి తాగించాడు.

"బాబూ, నా నలుపు చూశావా? ఎండకు వెలిసిపోదు, వానకు కరగదు. దాన్ని ఇవ్వలేను గానీ అలాంటి నలుపు చేసే ఉపాయం చెబుతా," అంది కాకి. "ఆముదం దీపం వెలిగించి పైన మూకుడు బోర్లించు. మసి పడుతుంది. ఉత్త మసి ఊదితే ఎగిరిపోతుంది. తుమ్మబంక నానబెట్టి అందులో కలిపి నూరు. చెయ్యి నొప్పి పుట్టాక కూడా ఇంకాసేపు నూరు."

మకరందుడు నూరాడు. చెయ్యి నొప్పి పుట్టాక కూడా నూరాడు.

పోగా పోగా సముద్రం వచ్చింది. ఇసుకలో వెల్లకిలా పడి ఒక ముసలి తాబేలు కాళ్ళు కొట్టుకుంటోంది. దాన్ని బోర్లా తిప్పాడు.

"చల్లగా ఉండు నాయనా. ఇదిగో, రంగు పోసుకోవడానికి ఆల్చిప్ప. ఎక్కు నా వీపు!" అంది తాబేలు.

ఒక సముద్రం పచ్చగా ఉంది. ఒక సముద్రం పాలలా ఉంది. ఒకదానిలో అలలున్నాయి గానీ చప్పుడు లేదు. ఇంకొకదానిలో ఆకాశం పైనా కిందా ఒకేలా ఉంటే, తాబేలు నీళ్ళలో ఈదుతోందో మబ్బుల్లో ఈదుతోందో మకరందుడికి తెలియలేదు. అలా ఏడూ దాటేసరికి తెల్లవారింది. ఎదురుగా బూడిదరంగు కోట.

"ఎవడ్రా నువ్వు?" అని భస్మాక్షుడు ఉరిమాడు.

"బొమ్మలు బాగుచేసేవాణ్ణయ్యా. మీ గోడ రాలిపోతోందని విని వచ్చాను."

గోడ రాలిపోతుందన్న దిగులు మాంత్రికుడికీ ఉంది. "సరే, చెయ్యి. కళ్ళ జోలికి మాత్రం పోకు. పోయావో, నువ్వూ గోడెక్కుతావు," అన్నాడు.

గోడ నిండా మనుషులు. పైన వరసలు వరసలుగా చిలుకలు. ఒక్కరికీ కళ్ళు లేవు. ఒక మూల రణధీరుడు, పక్కనే జయసింహుడు. మాంత్రికుడు అవతలికి వెళ్ళగానే గోడలోంచి ఒక సన్నని గొంతు వినిపించింది.

"ఎవరైనా ఉన్నారా? నేను కువలయవల్లిని. వాడు మా కళ్ళు చెరిపేశాడు, అందుకే బయటికి రాలేం. వాడి ప్రాణం ఈ చిలుకల్లో ఒకదానిలో ఉంది. దానికి కన్ను పెడితే ఆకాశం చూసి ఎగిరిపోతుంది. అది ఏదో మాకు తెలియదు."

మాంత్రికుడు తిరిగి రాగానే మకరందుడు అమాయకంగా అడిగాడు.

"అయ్యా, ఈ చిలుకకు ముక్కు వెలిసిపోయింది. దిద్దనా?"

"దిద్దు."

"ఈ చిలుకకు రెక్క వెలిసిపోయింది. దిద్దనా?"

"దిద్దు, దిద్దు."

"ఆ మూలనున్న చిలుకకు మెడపట్టీ..."

"దాన్ని ముట్టుకోకు!" అని భస్మాక్షుడు కెవ్వున అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు.

అప్పటికే ఉడుత కుంచె ఆల్చిప్పలో మునిగింది. మంత్రదండం లేచేలోపు మకరందుడు ఒకే ఒక్క చుక్క పెట్టాడు. చిలుక కన్ను ఆర్పింది. కిటికీలోంచి నీలాకాశాన్ని చూసింది. రివ్వుమని ఎగిరి, సముద్రం మీదుగా చుక్కంతై, కనబడకుండా పోయింది. మాంత్రికుడు పాదాల నుంచి పైకి కొద్దికొద్దిగా వెలిసిపోయి, గాలిలో కలిసిపోయాడు.

మకరందుడు అన్నలకు కళ్ళు దిద్దాడు. వాళ్ళు గోడ దిగి తమ్ముణ్ణి కావలించుకున్నారు. ఒక్కొక్కరికీ దిద్దుతూ పోతే ఆఖరికి కువలయవల్లి మిగిలింది. రంగూ రెండు చుక్కలే మిగిలింది. మకరందుడు కుంచె కొసను మళ్ళీ సన్నగా తీర్చాడు.

"మీ కళ్ళు ఎలా ఉండేవి?" అని అడిగాడు.

"నా కళ్ళు నేనెలా చూసుకుంటాను? చేపపిల్లల్లా ఉంటాయని మా అమ్మ అనేది. నీకు తోచినట్టు పెట్టు," అంది ఆమె.

ఊపిరి బిగబట్టి దిద్దాడు. ఆమె కళ్ళు తెరిచి, మొదట అతని రంగు చేతుల్ని చూసింది. తరవాత అతన్ని చూసింది.

"అయ్యో, ఎడమ కన్ను కాస్త పెద్దదైపోయింది! క్షమించండి," అన్నాడు మకరందుడు.

"ఉండనీ, ఇంకాస్త ఎక్కువ కనిపిస్తుంది," అని ఆమె నవ్వింది.

అందరూ పడవలు కట్టుకుని ఇళ్ళకు చేరారు. ముత్యాలదీవి రాణి కూతుర్ని వదలకుండా పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. మంచి రోజు చూసి మకరందుడికీ కువలయవల్లికీ పెళ్ళి చేశారు. వాళ్ళు ముత్యాలదీవిని ఏళ్ళ తరబడి చల్లగా ఏలారు. రాణి కువలయవల్లి బొమ్మ వెయ్యడానికి వచ్చిన ప్రతివాడూ ఆ రెండు కళ్ళూ సమంగా దిద్దబోయేవాడు. ఆమె మాత్రం ముసలిదయ్యేదాకా ఎవరినీ దిద్దనివ్వలేదు.