అత్తిపత్తి అడిగిన మాట

ఒకప్పుడు అత్తిపత్తి ముడుచుకునేది కాదు. ఇప్పటిలా నేలబారున పాకేదీ కాదు. నిలువెత్తు పెరిగి, ఆకులు గొడుగులా విప్పుకుని పొలం గట్టున నిలబడేది.

ఆ రోజుల్లో దేవుడు రోజూ పొద్దున్నే గట్లవెంట నడిచేవాడు. కనిపించిన మొక్కనల్లా చేత్తో నిమిరేవాడు. ఆయన నిమిరితేనే మొక్కలు పెరిగేవి. అన్నిటికంటే ముందు ఆకు చాచేది అత్తిపత్తే.

"నా చిట్టితల్లీ" అనేవాడు దేవుడు. అది పొంగిపోయేది.

ఆ మొక్క కింద ఒక కౌజుపిట్ట గుడ్లు పెట్టింది. కౌజులు చెట్టుమీద గూడు కట్టవు. నేలమీదే వాటి కాపురం.

"అక్కా, నీ నీడే మాకు ఇల్లు" అంది కౌజు.

"ఉండవే, మరి నా ఆకులెందుకున్నాయి?" అంది అత్తిపత్తి.

గుడ్లు పగిలి బొటనవేలంత పిల్లలు బయటికొచ్చాయి. వాటికింకా కాళ్లు నిలవలేదు. ఆ సాయంత్రమే ఆకాశం నల్లబడి వడగళ్లు పడ్డాయి. రేగిపండంత కాదు, నిమ్మకాయంత! అత్తిపత్తి ఉన్న ఆకులన్నీ పిల్లలమీద కప్పింది. రాళ్లు ఆకుల్ని చీల్చుకుని దిగాయి. తల్లి రెక్క అడ్డంపెట్టింది. రెక్క విరిగింది.

"దేవుడా! దేవుడా!" అని రెండూ అరిచాయి.

వాన వెలిసింది. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.

తెల్లారగానే చుట్టుపక్కలవన్నీ పరామర్శకు వచ్చాయి.

"ఏ జన్మలో చేసిన పాపమో!" అని తొండ తలాడించింది.

"మంచివాళ్లనే దేవుడు తొందరగా పిలుచుకుంటాడు" అంది కొంగ, కళ్లు మూసుకుని.

పందికొక్కు బొరియలోంచి తల బయటపెట్టింది. దానిమీద ఒక్క రాయి పడలేదు. "పరీక్ష పెట్టాడమ్మా. ఓర్చుకోవాలి" అంది.

కౌజు అన్నీ వింది. "నిజమేనేమో. మొన్న చీమల గుడ్లు తిన్నాను. వాటి ఉసురే తగిలింది. నా బిడ్డల్ని నేనే చంపుకున్నాను" అంటూ తల నేలకేసి కొట్టుకుంది.

అత్తిపత్తికి ఒళ్లు మండింది.

"నోళ్లు ముయ్యండి! కళ్లు తెరిచి ఒక పూట కాలేదు, వాటికి పాపమేమిటి? పిలుచుకున్నాడా? రాళ్లు విసిరి పిలుస్తారటయ్యా ఎవరైనా? తల్లికి పరీక్ష అయితే పిల్లల్నెందుకు చంపాలి? పొండి అవతలికి!"

అంతలో దేవుడు వచ్చాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. రోజూలాగే నిమరబోయి చెయ్యి చాచాడు. అత్తిపత్తి చటుక్కున ఆకులన్నీ ముడిచేసింది.

"ముట్టుకోకు!"

"ఒసేయ్, ఎవరితో మాట్లాడుతున్నావే?" అని తొండ వణికిపోయింది.

"చిట్టితల్లీ..." అన్నాడు దేవుడు.

"ఆ పిలుపులొద్దు. నిన్న మేం అరిచింది విన్నావా?"

"విన్నాను."

"విని?"

దేవుడు కౌజు విరిగిన రెక్కవైపు చూశాడు.

"ఈ పిచ్చిది తన పాపమే అంటోంది. అవునా?"

దేవుడు ఆ బురదలోనే కౌజు ముందు కూర్చున్నాడు. "కాదమ్మా. తప్పు నీది కాదు. నీ పిల్లలదీ కాదు. అలా చెప్పమని నేనెవరికీ చెప్పలేదు."

అప్పటిదాకా తల బాదుకున్న కౌజు, ఆ మాటకు వెక్కివెక్కి ఏడ్చింది.

"మరి తప్పెవరిది?" అంది అత్తిపత్తి.

దేవుడు మళ్లీ చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"దీనికెంత పొగరు! మాడ్చి మసిచెయ్యండి స్వామీ!" అంది కొంగ.

"అడగనీ. దానికి అడిగే హక్కుంది" అన్నాడు దేవుడు. తర్వాత అత్తిపత్తితో మెల్లగా అన్నాడు: "నేను నిమరకపోతే నువ్వు పెరగవు."

"పెరగను. జవాబు చెప్పి ముట్టుకో."

మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. అది మళ్లీ ముడుచుకుంది. ఆయన రావడం మానలేదు. అది అడగడమూ మానలేదు.

వడగళ్ల దెబ్బకు నేలకొరిగిన అత్తిపత్తి మళ్లీ పెరగక, అప్పటినుంచే నేలబారున ఉండిపోయింది. ఏ చెయ్యి తగిలినా ముడుచుకుపోతుంది. మీ వేలు తగిలినా దేవుడి వేలే అనుకుంటుంది. నవ్వకండి. కాసేపు పక్కన కూర్చోండి. మెల్లగా ఒక్కొక్క ఆకే విప్పి చూస్తుంది, జవాబు తెచ్చాడేమోనని.