దేవుడి బండ కింది గులకరాళ్ళు

ఇప్పలగుట్ట అడవిలో జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, ఉడుములు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. గుట్ట మీది నుంచి దిగే వాగే వాటన్నిటికీ ఆధారం. కానీ వరసగా మూడేళ్ళు వాన ముఖం చాటేసింది. వాగులో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. ఒక్క మడుగులో మాత్రం కాసిని నీళ్ళుండేవి.

ఆ వాగు మధ్యలో ఒక నల్లని బండ ఉంది. దాన్ని అందరూ దేవుడి బండ అనేవారు. వానాకాలం ముందు ప్రతి జంతువూ ఒక గులకరాయి నోట కరుచుకొచ్చి బండ కింద పెట్టేది. "ఈ ఏడైనా నీళ్ళియ్యి స్వామీ" అని మొక్కేది. తాతల నాటి ఆచారం అది. రాళ్ళు పెరిగి పెరిగి పెద్ద కుప్ప అయ్యాయి. ఆ కుప్పకు నెమలి కాపలా. ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకుంది.

నక్క మాత్రం ఒక్క రాయి కూడా తెచ్చేది కాదు. "మూడేళ్ళుగా మొక్కుతున్నారు. ఒక్క చుక్క రాలిందా? దేవుడూ లేడు, వానా లేదు!" అని నవ్వేది. ఆ ధీమాతోనే వాగులో గట్టు కింద బొరియ తవ్వుకుని కాపురం పెట్టింది.

"ఉన్నాడు" అని నెమలి, "లేడు" అని నక్క. తెల్లవారితే ఇదే గొడవ. అడవిలో ఒక్కరికీ మనశ్శాంతి లేదు.

తీతువు పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే గుడ్లు పెడుతుంది. వాగు ఎలాగూ ఎండిందని, ఆ ఏడు బండకు కాస్త దిగువన ఇసుకలో నాలుగు గుడ్లు పెట్టింది. అవి పిల్లలు కావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఒక పొద్దున చీమల బారు ఇసుకలోంచి గట్టెక్కుతూ కనిపించింది. ప్రతి చీమ నోట్లోనూ ఒక గుడ్డు ఉంది. వాన రాబోతోందని తీతువుకు అర్థమైంది. చీమలు తమ గుడ్లను మోసుకుపోగలవు. తను మోయలేదు, ముక్కులో పట్టవు.

పడమట ఒక మబ్బు లేచి, విడిపోయింది. కాసేపటికి ఇంకొకటి లేచింది. తీతువు గుడ్ల మీద కూర్చుంటుంది, లేస్తుంది, పడమటికి చూస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. పాపం, దానికి ఎక్కడా కాలు నిలవలేదు. చివరికి నెమలి దగ్గరికి పరుగెత్తింది.

"నెమలన్నా, వాగు వచ్చేలా ఉంది. ఈ కుప్పలోంచి కొన్ని రాళ్ళివ్వు. గుడ్ల కింద పేర్చి ఎత్తు చేసుకుంటాను."

"అమ్మో! ఇవి దేవుడి సొత్తు. ముట్టుకుంటే కళ్ళు పోతాయి. ఆయన మీద భారం వేసి కదలకుండా కూర్చో," అంది నెమలి.

తీతువు నక్క దగ్గరికి వెళ్ళింది. "మామా, గట్టు మీది నుంచి నాలుగు రాళ్ళు తెచ్చిపెట్టవా?"

"రాని వానకు గట్టెందుకే? వస్తుందని నీకెవరు చెప్పారు?"

"చీమలు చెప్పాయి."

"చీమలకేం తెలుసు!" అని నక్క ఆవలించి బొరియలో దూరింది.

మడుగులో ఉన్న ముసలి తాబేలు ఇదంతా విన్నది. మెల్లగా గట్టెక్కి, ఒక రాయి కరుచుకుని, మెల్లగా దిగి, తీతువు ముందు పెట్టింది. మళ్ళీ గట్టు వైపు తిరిగింది. పొద్దుగూకేసరికి ఏడు రాళ్ళయ్యాయి. నవ్వకండి, తాబేలు నడక మీకు తెలియనిదా!

ఆ రోజు నుంచి తాబేలు మోస్తూనే ఉంది. తీతువు గుడ్లను ముక్కుతో పక్కకు నెట్టి, కింద రాళ్ళు పేర్చి, మళ్ళీ పైకి నెట్టుకునేది. నెమలీ నక్కా ఊరుకోవచ్చు కదా. తాబేలు వెంటపడ్డాయి.

"అవ్వా, నువ్వు పెద్దదానివి. దేవుడు ఉన్నాడని చెప్పు వీడికి!"

"లేడని చెప్పవ్వా వీడికి!"

తాబేలు నోట్లో రాయి ఉంది. ఎలా చెబుతుంది? ఆ రాయి దించి వెనక్కి పోయేది. ఇవి మళ్ళీ అడిగేసరికి నోట్లో ఇంకో రాయి ఉండేది. నాకైతే ఆ ఇద్దరినీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అరిచినన్ని సార్లు ఒక్కో రాయి మోసినా గట్టు ఒక్క రోజులో లేచేది.

ఆరో రోజు మధ్యాహ్నం గుట్ట మీద ఉరిమింది. ఇక్కడ చినుకు పడకముందే పైనుంచి ఎర్రటి నీళ్ళు హోరుమని వచ్చిపడ్డాయి. నక్క బొరియ నిండిపోయింది. దాచుకున్న తిండి కొట్టుకుపోయింది. నక్క ఒంటి ప్రాణంతో గట్టెక్కింది.

నెమలి కుప్ప దిగలేదు. "దేవుడి కుప్పను వాగు తాకదు!" అని అరిచింది. వాగు తాకింది. కుప్ప కదిలింది. నెమలి బండకు కొట్టుకుని, తోక ఈకలన్నీ వదులుకుని, ఎలాగో ఎగిరి ఒడ్డున పడింది.

దిగువన నీళ్ళు తీతువు గుడ్ల అంచుకు వచ్చాయి. పేర్చిన రాళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి. "అవ్వా!" అని తీతువు గొంతు చించుకుంది. తాబేలు గుడ్లకు ఎగువన, వాగుకు ఎదురుగా వెళ్ళి, గోళ్ళు ఇసుకలో దిగేసి కూర్చుంది. నీళ్ళు దాని డిప్పకు తగిలి రెండు పాయలుగా చీలాయి. పైనుంచి బండ కింది రాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి. డిప్పకు అడ్డుపడి ఒకదాని మీద ఒకటి ఆగాయి. చూస్తుండగానే గట్టు లేచింది. గుడ్లు తడవలేదు.

సాయంత్రానికి వాగు నెమ్మదించింది. ఈకలు లేని నెమలీ, ఇల్లు లేని నక్కా వణుకుతూ వచ్చాయి. వచ్చీరాగానే మొదలుపెట్టాయి.

"చూశావా? దేవుడే తన రాళ్ళు పంపించాడు!"

"పల్లంలోకి నీళ్ళు రాళ్ళను దొర్లించాయి. ఇందులో దేవుడెక్కడున్నాడు?"

"అవ్వా, ఇప్పుడు నీ నోట్లో రాయి లేదు. చెప్పు!"

తాబేలు డిప్ప మీద దెబ్బలు తడుముకుంటూ అంది: "పంపాడో, దొర్లాయో, నాకు తెలియదు నాయనలారా. అడ్డంగా ఎవరూ లేకపోతే మాత్రం అవి ఇక్కడ ఆగేవి కావు."

రెండూ తలలు దించుకున్నాయి. మూడో రోజుకు నాలుగు పిల్లలూ గుడ్లు పగలగొట్టుకుని వచ్చి, గట్టు మీద గంతులేశాయి. తీతువు ఏడ్చింది, నవ్వింది, మొదటిసారి కుదురుగా కూర్చుంది.

మరుసటి ఏడు వానాకాలం ముందు అందరూ గులకరాళ్ళు తెచ్చారు. ఈసారి బండ దగ్గర కాదు, తీతువు గూడు చుట్టూ పెట్టారు. నెమలి దేవుడి పేరు చెప్పి ఒక రాయి పెట్టింది. నక్క ఏ పేరూ చెప్పకుండా ఒకటి పెట్టింది. కాసేపటికి వాటిలో ఏది ఎవరిదో తీతువుకే తెలియలేదు.

నీతి: దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదం తేలేదాకా ఆపద ఆగదు, నమ్మినా నమ్మకపోయినా ముందు సాయానికి కదలాలి.