ఎగరని పక్షుల కొలువు

కొండవాగు అడవికి ఆకాశంలో కాపలా ఏడు గద్దలది. వాగు అవతల రేచుకుక్కల మంద ఉండేది. అవి వాగులో కాలు పెట్టగానే గద్దలు పైనుంచి కేకేసేవి. ఆ కేక వినగానే జింకలు పిల్లల్ని తోలుకుని కొండెక్కేసేవి. ఎన్నో ఏళ్ళుగా ఒక్క పిల్ల కూడా కుక్కల నోట పడలేదు.

కానీ గద్దలకి వయసు మీద పడింది. ఒకదానికి రెక్కల ఈకలు విరిగాయి. ఇంకోదానికి తోక చీలింది. వాటి పెద్ద చండప్పకైతే గొంతు బొంగురుపోయి, అరుపు చెట్ల కొమ్మల దాకా కూడా దిగేది కాదు.

వాటిని బాగుచేసేది గిజిగాడు నారయ్య. గూళ్ళు అల్లే నేర్పంతా ముక్కున పెట్టుకుని, రాలిన ఈకలు ఏరుకొచ్చి, విరిగిన చోట ఈతనారతో అతికి కట్టేవాడు.

"ఓసారి ఎగిరి చూడన్నా, అతికిన ఈ రెక్క ఎలా ఉందో చెప్పు," అన్నాడు చండప్పతో.

"ఎగురుతాలే. మరి నా గొంతు మాటేమిటి?"

"దానికీ ఓ ఉపాయం ఉంది. ఎండిన దిరిసెన కాయలు గలగలమంటాయి కదా! నీ కాళ్ళకి చెరో గుత్తి కడతాను. కాళ్ళు ముడుచుకుని తిరుగు. కుక్కలు కనిపిస్తే కిందికి వదిలి విదిలించు. అడవంతా వినిపిస్తుంది."

ఏడింటికీ ఈ పని చెయ్యాలంటే నెల పడుతుందన్నాడు నారయ్య. అడవికి రాజైన సింహానికి విసుగొచ్చింది. ఆ విసుగు పసిగట్టింది నక్క.

"ప్రభూ, ఈ అతుకుల బొంతలతో ఎన్నాళ్ళు? నేను కొత్త పక్షుల్ని తెస్తాను. ఒక్కోటీ మనిషెత్తు ఉంటుంది."

"అంత పక్షా! ఎగురుతుందా?"

"రేపు మీ కళ్ళతోనే చూద్దురు గానీ. నచ్చితే మాత్రం వాగులో పీతలన్నీ నాకే వదిలెయ్యాలి మరి."

అడవి అంచున మూతపడ్డ పక్షుల పెంపకం ఫారం నుంచి బయటపడి, దిక్కూమొక్కూ లేకుండా తిరుగుతున్న నాలుగు ఈము పక్షులు నక్క కంటపడ్డాయి. మర్నాడు వాటిని ఎర్రమట్టి బయలుకి తోలుకొచ్చి, "పరుగెత్తండి!" అంది. ఈములు పరుగెత్తాయి. ఎర్రటి దుమ్ము మేఘంలా లేచింది. ఈములు ఆ దుమ్ములోనే గుట్ట వెనక్కి మాయమయ్యాయి.

"అదుగో ప్రభూ, పైకి చూడండి!" అని నక్క గంతులేసింది.

సింహానికి దూరపు చూపు ఆనదు. ఆకాశంలో నాలుగు చుక్కలు తిరుగుతున్నాయి. అవి నారయ్య అప్పటికే బాగుచేసిన గద్దలు, రెక్కలు ఎలా ఉన్నాయో చూసుకుంటున్నాయి.

"ఆహా, ఎంత ఎత్తు!" అని మురిసిపోయి, సింహం గద్దల్ని కొలువులోంచి తీసేసింది.

చండప్ప దిగాలుగా కొమ్మ మీద వాలాడు. "ఇంకెందుకయ్యా నారయ్యా ఈ కుట్లు? మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నారుగా."

"రెండో రెక్క అతుకు సగంలో ఉందన్నా. ఇది వదిలేస్తే నాకు మేత సయించదు. కదలకుండా కూర్చో."

పది రోజులు గడిచాయి. ఓ మధ్యాహ్నం, నారయ్య కాళ్ళకి కాయల గుత్తులు కూడా కట్టి ఆఖరి ముడి బిగించాక చండప్ప పైకి లేచాడు. కింద చూస్తే రేచుకుక్కలు వాగు దాటేస్తున్నాయి! కొలువు లేదన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తే రాలేదు. కాళ్ళు వదిలి విదిలించాడు. గలగల గలగల! జింకలు లేచి కొండవైపు దూకాయి. ఓ పిల్ల వెనకబడింది. ముందున్న కుక్క దాన్ని అందుకోబోయింది. చండప్ప రాయిలా కిందికి పడి దాని ముక్కు మీద ఒక్కటిచ్చాడు. కుక్క తల తిప్పేలోగా పిల్ల తల్లిని చేరుకుంది.

కుక్కలు వెనక్కి మళ్ళాక సింహం కోపంతో గర్జించింది. "నా కొత్త పక్షులు ఎక్కడ? ఎందుకు ఎగరలేదు?"

నక్క తడుముకోలేదు. "వేరే దేశపు పక్షులు ప్రభూ! మన గాలి ఒంటికి పట్టడానికి కాస్త సమయం కావాలి."

నారయ్య వినయంగా ముందుకొచ్చాడు. "నిజమే కావచ్చు ప్రభూ. ఆ పక్షి మీద అంత నమ్మకం ఉన్న నక్కబావనే దాని వీపున ఎక్కించండి. ఇద్దరూ కొండకొమ్ము మీంచి ఎగిరితే మనం కళ్ళారా చూస్తాం."

సింహానికి ఆ మాట నచ్చింది. నక్కని కొండకొమ్ముకి నడిపించి ఈము వీపు మీద కూర్చోబెట్టారు. కింద లోయ చూసి నక్క ఈము మెడ వాటేసుకుంది.

ఈము మెడ వెనక్కి తిప్పి, "మామా, మాకు ఎగరడం రాదు," అంది.

"రాదా?" అంది సింహం. "మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"మమ్మల్ని ఎవరడిగారు ప్రభూ? పరుగెత్తమన్నారు, పరుగెత్తాం. రాజాజ్ఞ అంటే ఇప్పుడు దూకుతాం." అంటూ ఓ అడుగు ముందుకేసింది.

"వద్దు వద్దు!" అని నక్క కెవ్వుమంది. "ఆ రోజు పైన తిరిగినవి గద్దలే ప్రభూ! ఇవి జన్మలో ఎగరవు!" అని వీపు మీంచి కిందికి జారి, అందరి ముందూ తోక ముడుచుకుని కూలబడింది. సింహం గద్దల్ని మళ్ళీ కొలువులోకి పిలిచింది.

నీతి: కొత్తదాన్ని ఎగరేసి చూశాకే పాతదాని రెక్కలు వదులుకోవాలి.