తడిసిన ఇసుక ఎవరి శాఖ?

మాఘ శుద్ధ దశమినాడు నూకాలు అనే సముద్రపు తాబేలుకు అన్యాయం జరిగింది. ఇసుకలో పాతిపెట్టుకున్న నూరు గుడ్లను పట్టపగలే తవ్వి తినేశారు. తిన్నదెవరో తీరమంతా చూసింది. విచారించాల్సిందెవరో మాత్రం ఒక్కరికీ తెలియలేదు.

ఎందుకంటే, అంతకు నెల ముందు, సముద్రం మొహం ఎన్నడూ చూడని సింహం అడవిలో కూర్చుని తీరాన్ని రెండు శాఖలు చేసింది. ఇసుక శాఖకు నక్క, నీటి శాఖకు గూడబాతు. రాతకోతలకు ఒక పీత గుమస్తా. ఇసుక ఎక్కడ ఆగి నీళ్లు ఎక్కడ మొదలవుతాయో చెప్పడం మహారాజు మరిచిపోయింది.

నూకాలు ముందు గూడబాతు దగ్గరికి పోయింది. అది చెడ్డది కాదు. దాని ముక్కు కింద పెద్ద సంచి, సంచి నిండగానే కునుకు.

"గుడ్లు ఎక్కడ పెట్టావప్పా?"

"ఇసుకలో, దొరా."

"ఇసుక నా శాఖ కాదే!"

"నేను నీటిదాన్నే కదా?"

"నువ్వు నీటిదానివే. గుడ్డు ఇసుకది. పిల్ల మళ్లీ నీటిది." గూడబాతు తను అన్నమాటకి తనే తికమకపడింది. "అవునూ, గుడ్డు చిట్లి పిల్ల సగం బయటికొచ్చినప్పుడు ఎవరిదంటావ్?"

"అది మీరు తేల్చేలోపు ఆ దొంగ సగం పిల్లని కూడా తినేస్తాడయ్యా!"

అక్కణ్ణించి నక్క దగ్గరికి ఒళ్లు ఈడ్చుకుంటూ వెళ్లింది. నక్క కొత్త ఉద్యోగంలో ఒళ్లు చేసి ఉంది. మీసాలకి ఇంకా పచ్చసొన.

"ఏమే ముసలీ, నీళ్లలో బతికేదానివి, ఇసుక శాఖలో ఫిర్యాదేంటి? పో, నీ శాఖలో ఇచ్చుకో."

"తిన్నది నువ్వే కదా బాబూ?"

"తినడమేంటి! తనిఖీ. నా శాఖ ఇసుకలో ఏముందో నేను చూసుకోకూడదా?"

నూకాలు నీళ్ల అంచున నిలబడి అరిచింది. అల వచ్చినప్పుడు నక్క వినలేదు, అల పోయినప్పుడు గూడబాతు వినలేదు.

చివరికి సముద్రకాకితో మహారాజుకే కబురు పెట్టింది. ఇసుకదిబ్బ మీద నూట పదకొండు గుడ్లతో రెండో గూడు ఉంది. అదీ పోతే ఆ ఏటికి తన సంతానం లేనట్టే. సింహం జవాబు పంపింది: 'హద్దు రాసి పంపండి, ముద్ర వేస్తాను. ముద్ర పడేదాకా దిబ్బ జోలికి ఎవరైనా పోతే తోలు తీస్తాను.'

నక్క సంబరపడింది. రాజముద్ర ఉంటే రెండో గూడు తనిఖీ కూడా చట్టప్రకారమే కదా!

ఫాల్గుణ శుద్ధ అష్టమినాడు సభ పెట్టారు. సముద్రం మందకొడిగా ఉంది. నక్క ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగని చూపించింది.

"మూడు రోజులుగా చూస్తున్నా, నీళ్లు ఈ దుంగ దాటడం లేదు. రాసుకో గుమస్తా, దుంగ దాకా నీటి శాఖ."

"దుంగ కొట్టుకుపోతే హద్దూ పోతుంది కదా బాబూ?" అంది నూకాలు. "సముద్రం తడిపినంత మేర నీటి శాఖ అని రాయించండి."

"రెండూ ఒకటేగా! రాసుకో."

పీత మొగలి ఆకు మీద గీకుతూ గీకుతూ ఆగింది. "అయ్యా, నీళ్లు రోజుకి రెండుసార్లు వస్తాయి, రెండుసార్లు పోతాయి. నాలుగుసార్లు హద్దు మార్చి రాయాలంటే నా డెక్కలు అరిగిపోతాయి."

ఆ కాస్త బురద పోతే పోయింది, ఫిర్యాదులు కూడా దాంతోపాటే పోతాయి అనుకుంది నక్క. "ఒకసారి తడిసిన చోటు ఎండినా నీటి శాఖదే అని రాయి. ఇంకోటి. ఒక శాఖ హద్దులో రెండో శాఖ అధికారి కాలు పెడితే ఉద్యోగం ఊడుతుంది, అడవికి పోవాలి." దిబ్బ మీద గూటికి గూడబాతు కాపలా రాకుండా ఆ ఏర్పాటు.

"నాకేమీ అర్థం కాలేదు," అంది గూడబాతు.

"అర్థం కాకపోయినా సంతకం పడుతుంది. పెట్టు."

నూకాలు తల వంచి ఇసుకకి ఆనించింది. నవ్విందో ఏడ్చిందో ఆ ఇసుకకే తెలియాలి.

పౌర్ణమి పొద్దున సముద్రకాకి ముద్ర వేసిన ఆకు తెచ్చి పడేసింది. ఆ వెనకే సముద్రం పొంగింది. దుంగని ఎత్తి అవతల పారేసింది. పక్కనే ఏరు సముద్రంలో కలిసే మొగలో దూరి దిబ్బ వెనకవైపుకి చుట్టుకుంది. దిబ్బ మీద గూడు పొడిగానే ఉంది, చుట్టూ మాత్రం నీళ్లే. ఏటిగట్టులో నక్క కొత్తగా తవ్వుకున్న బొరియ మునిగింది. నక్క దగ్గుతూ బయటపడింది.

"నీళ్లు ఇక్కడికి రాకూడదు! రాసుకున్నాం కదా!"

"మనం రాశాం అయ్యా. సముద్రం సంతకం పెట్టలేదు," అంది పీత.

నూకాలు నెమ్మదిగా తల ఎత్తింది. "అష్టమికి నీళ్లు బద్ధకంగా ఉంటాయి బాబూ. పౌర్ణమికీ అమావాస్యకీ ఒళ్లు విరుచుకుంటాయి. వల పట్టిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. తమరు మూడు రోజులే చూశారు."

"నీళ్లు వెనక్కి తీసేదాకా ఆగుతా. దిబ్బ తడవలేదు, దిబ్బ నాదే!"

పీత ఆకు తిరగేసి చదివింది. "దిబ్బ తమరిదే. దిబ్బకి పోయే దారి తమరిది కాదు, ఎండినా కాదు. ఆ మాటకొస్తే ఇప్పుడు తమరు నిలబడ్డదీ తమరిది కాదు."

నక్క ఒక కాలు ఎత్తింది. దించడానికి చోటు కనిపించక ఇంకో కాలు ఎత్తింది. ఈ గోలకి గూడబాతు నిద్రలేచింది.

"అయితే... ఇదంతా నా శాఖేనా?"

"నీదే దొరా!"

గూడబాతు పిలవగానే నలభై గూడబాతులు ముక్కులు చాచి దిగాయి. నక్క అడవి చేరేదాకా ఎక్కడా ఆగలేదు.

"మరి ఇప్పుడు దిబ్బ ఎవరిదప్పా?" అంది గూడబాతు.

"గుడ్లు చిట్లేదాకా ఈ నాలుగు రోజులూ ఎవరిదీ కాకపోవడమే దానికి మేలు. నువ్వు పడుకో దొరా."

నీతి ఏమిటంటే, హద్దు గీసే పెద్దమనిషి ముందు ఆ నేల మీద నెలరోజులు నిలబడి చూడాలి.

పీత పుస్తకంలో ఇలా ఉంది: దిబ్బ గూడు, గుడ్లు నూట పదకొండు, నీళ్లు చేరిన పిల్లలు నూట మూడు, ఫాల్గుణ బహుళ చవితి. దాని పైన పాత ఫిర్యాదు అలాగే ఉంది: నూరు గుడ్లు, ఏ శాఖదో తేలలేదు, మాఘ శుద్ధ దశమి.