వచ్చిన జబ్బు వచ్చినట్టే

నాలుగో రోజుకి పైడిరాజు తిండి మానేశాడు. బండి ముందు కూర్చుంటాడు, లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. స్టార్ట్ చేస్తే ఇంజన్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, పూర్తిగా ఆగిపోతోందని దాన్ని తెచ్చిన మేడం గారి ఫిర్యాదు.

మాది గాజువాక ఆటోనగర్. నా పేరు దాలినాయుడు, బళ్ళకి పెయింట్ వేస్తాను. పక్క మెకానిక్ షెడ్డు ఖుద్దూస్ ఉస్తాద్ గారిది. పైడిరాజు పదకొండేళ్ళుగా ఆయన శిష్యుడు. ఈ మధ్యే అగనంపూడిలో సొంత షెడ్డు చూసుకున్నాడు, శుక్రవారం తెరవాలి. అయితే మా దగ్గరొక పద్ధతుంది. ఉస్తాద్ "వెళ్ళు" అనందే శిష్యుడు సొంత షట్టర్ ఎత్తకూడదు. ఎత్తినా వాడికెవడు బండిస్తాడు?

ఉస్తాద్ అన్నది ఒక్కటే మాట. "హైమవతి మేడం బండి నువ్వొక్కడివే చెయ్యి. అయ్యాక వెళ్దువుగాని."

ఆ బండి సంగతి చెప్పాలి. మేడం గారి అన్నగారు ఓడల్లో ఇంజనీరు. నలభై ఏళ్ళ కిందట జపాన్ నుంచి తెచ్చుకున్న కారు, ఇప్పుడు ఆవిడ నడుపుతున్నారు. దాని ఇంజన్లో పిస్టన్లుండవు. మూడు మూలల రోటర్లు రెండు గిరగిరా తిరుగుతుంటాయి. ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులు, కిందొకటి, పైనొకటి. అలాంటి బండి మా ఆటోనగర్‌కి ఇంకోటి రాలేదు.

పైడిరాజుకి కాస్త పొగరుంది. ఎందుకుండదు? చెవి పెట్టి జబ్బు చెప్పే మనిషని పేరు మరి! మొదటి రోజే పై ప్లగ్గుల వైర్లు పీకి చూశాడు. ఇంజన్ చప్పుడులో ఏ తేడా లేదు. "ఇంకేటుంది, పైవాటికి నిప్పిచ్చే కాయిల్ చచ్చింది" అని మార్చేశాడు. తగ్గలేదు. ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, టైమింగ్ తిప్పాడు. ఫిల్టరూ, గాలి పైపులూ, కార్బురేటర్ మిక్చరూ, దేన్నీ వదల్లేదు. ఆఖరికి మేడం గారికి ఫోన్ చేసి, ఇంజన్ లోపలే పోయిందమ్మా, విప్పాల్సిందే అని చెప్పేశాడు.

బుధవారం పొద్దున్న ఉస్తాద్ వచ్చి బండి స్టార్ట్ చేయించి విన్నారు.

"ఏమేం మార్చావు?"

పైడిరాజు వేళ్ళు ముడిచి లెక్క చెప్పాడు. "మొత్తం ఏడు ఉస్తాద్."

"ఏడూ వెనక్కి పెట్టు."

"ఏటీ?"

"పాతవే పెట్టు. మేడం తెచ్చిన రోజు ఎలా ఉందో అలా చేసి చూపించు."

"బాగుచెయ్యమంటే పాడుచెయ్యమంటారేటి ఉస్తాద్! ఎల్లుండే నా షెడ్డు!"

"ఆమె తెచ్చిన జబ్బు నాకు కావాలి. ఇది నువ్విచ్చిన జబ్బు."

నాకు నవ్వాగలేదు. పైడిరాజు నా వైపు చూసిన చూపుకి నా డబ్బాలో రంగు ఎండిపోవాల్సింది.

కానీ వాడు మొండి మనిషి. పని మొదలెట్టాడు. పాత ప్లగ్గులు అంతకుముందే వెనక తుక్కు గుట్టలోకి విసిరేశాడు. మూడు దొరికాయి, నాలుగోది దొరకలేదు. మధ్యాహ్నం దాకా గుట్టంతా తవ్వాడు, చేతులు గీసుకుపోయాయి.

నాకే జాలేసింది. "ఏదో ఒక పాత ప్లగ్గు పెట్టెయ్‌రా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నోర్మూసుకో మావా. ఆయనకి తెలుస్తాది" అని మళ్ళీ తుక్కులో చెయ్యి పెట్టాడు. దొరికిందాకా లేవలేదు.

నాలుగింటికి ఏడూ వెనక్కి పెట్టేశాడు. స్టార్ట్ చేశాడు. ఉస్తాద్ మడ్‌గార్డ్ మీద అరచెయ్యి ఆన్చి కాసేపు నిలబడ్డారు.

"ఇంకోటుంది" అన్నారు.

"లేదు ఉస్తాద్. ఏడే."

 ఆయన స్టూలు లాక్కుని కూర్చుని టీ తెప్పించుకున్నారు. నెమ్మదిగా తాగారు. గ్లాసు కింద పెట్టారు. బండి వణుకుతూనే ఉంది. పైడిరాజు మొహం మీద చెమట ధారగా కారుతోంది.

చివరికి తల వంచుకుని చెప్పాడు. "ఐడ్లింగ్ స్క్రూ. మొదటి రోజు మేడం చూడ్డానికొచ్చినప్పుడు ఇంజన్ ఆగకుండా తిరగాలని దాన్ని ముప్పావు చుట్టు బిగించేశాను. ఆవిడ ముందు బండి ఆగిపోతే నా పరువేటవుద్దని."

"తిప్పు."

వెనక్కి తిప్పాడు. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

ఉస్తాద్ మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య! ఇదీ మేడం తెచ్చిన బండి. ఇక ఒక్కటి ముట్టుకో. చూడు. మళ్ళీ యథాస్థానంలో పెట్టు. ఆ తర్వాతే ఇంకోటి." అంతే, చెప్పులేసుకుని ఇంటికెళ్ళిపోయారు.

గురువారం పొద్దున్నే పైడిరాజు నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆగిపోకుండా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టమన్నాడు. ఒక రోటర్ పై ప్లగ్గు వైరు తీశాడు. తేడా లేదు. మళ్ళీ పెట్టాడు. ఈసారి కింది వైరు తీశాడు. అక్కడా పెద్ద తేడా లేదు. రెండో రోటర్‌కీ అంతే. వైరు చేత్తో పట్టుకుని నా వైపు తిరిగాడు.

"మావా, పైవి తీసినా ఇంజన్ తిరగాల్సిందే. నెమ్మదిగా తిరిగేటప్పుడు దాన్ని మోసేవి కింది ప్లగ్గులే, పైవి ఊరికే తోడు. కిందివి తీస్తే ఇది చచ్చిపోవాలి కదా! మరి చావట్లేదంటే, మొదట్నుంచీ అవి పూర్తిగా మొయ్యట్లేదు, వాటికి నిప్పు బలంగా అందట్లేదు."

ఇక ఆ కింది వైర్ల వెంటే పోయాడు. కాయిల్ దాకా పోయాడు. కాయిల్ డబ్బా బాడీకి బిగించిన చోట ఆగాడు. ఓ వైరు ముక్క తెచ్చి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొస డబ్బాకి ఆనించాడు.

"కాలు తియ్యి మావా."

"ఆగిపోద్దిరా!"

"తియ్యి."

తీశాను. ఆగలేదు. వణుకు లేదు, దగ్గు లేదు. నా ప్రాణం లేచొచ్చింది, వాడి సంగతి చెప్పాలా!

డబ్బా విప్పాడు. అక్కడ ఇనుముకి ఇనుము తగలాలి, లేకపోతే కరెంటుకి సరైన తిరుగు దారుండదు. దాని కింద దట్టంగా, నున్నగా, నీలం రంగు. రెండు నెలల కిందట ఆ డబ్బా విప్పించి మరీ, బానెట్ లోపలంతా అంగుళం వదలకుండా రంగు వేసింది నేనే. తల కొట్టేసినట్టయింది.  పైడిరాజు గరుకు కాగితం తీసుకుని గీకడం మొదలెట్టాడు.

పదకొండింటికి ఉస్తాద్ వచ్చారు, వెనకే మేడం గారు. ఆవిడ బండి చప్పుడు విని ఆశ్చర్యపోయారు. "ఇంజన్ పోయిందన్నావు కదయ్యా?"

ఏదైనా చెప్పొచ్చు. మర్నాడే శుక్రవారం. ఉస్తాద్ ఎదురుగా నిలబడి ఉన్నారు.

"ఇంజన్ బంగారంలా ఉందమ్మా. తెలీక వాగాను. దీనికి మొత్తం తొమ్మిది తప్పులు. ఎనిమిది నేను చేసినవి. ఒక్కటే బండిది" అన్నాడు పైడిరాజు. నా వైపు చూడనైనా లేదు.

 నేను చేతిలో బ్రష్ పక్కన పెట్టాను. "ఆ ఒక్కటీ బండిది కాదమ్మా. నాది. ఎర్త్ తగిలే చోట రంగు పూసేశాను."

మేడం గారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఉస్తాద్ పెద్దగా నవ్వి బానెట్ మీద తట్టారు.

"అయితే పాపం, దీని తప్పు ఒక్కటీ లేదన్నమాట."

తర్వాత తాళాలు ఆవిడ చేతికిచ్చి అన్నారు. "మేడం, ఇక మీదట దీనికేమైనా అయితే నా దగ్గరికి రాకండి. పైడిరాజు షెడ్డుకి వెళ్ళండి."